కుమాజో నడుము విరిగిన వారం

ఆ మంగళవారం పొద్దున తొకుయో వేసుకున్న పథకం చాలా చిన్నది. కొట్టు తలుపు తీసేలోగా కుమాజో నడుము విరగ్గొట్టాలి. ఆ తర్వాత వంకాయలు ఉప్పులో వెయ్యాలి.

తొకుయోకి అరవై దాటాయి. ఒసాకాలో, పైన రేకుల కప్పు ఉన్న ఒక పాత బజారు వీధిలో, భర్త బున్‌జోతో కలిసి ఊరగాయల కొట్టు నడుపుతోంది. కొట్టుకొచ్చిన వాళ్ళతో ఆమె మాట్లాడే గొంతు పిచ్చుక గొంతులా సన్నగా ఉంటుంది. "దోసకాయ ఇవాళ బాగా ఊరిందమ్మా, తీసుకెళ్ళు" అందంటే, కొనే ఉద్దేశం లేనివాళ్ళు కూడా ఆగి కొంటారు. కిందటి డిసెంబరులో బజారు సంఘం పెట్టిన లాటరీలో ఆమె బియ్యం బస్తా మీద ఆశతో వెళ్ళింది. బియ్యం బస్తా మూడో బహుమతి. ఖర్మ కాలి ఆమెకి రెండోది తగిలింది. అరచేతిలో ఇమిడే గేమ్ మెషీను, దానితోపాటు "నేలమాళిగ పులులు" అనే ఆట.

ఆటలో ఒక గూండాల ముఠా ఊరి కింద నేలమాళిగల్లో దొంగచాటుగా కుస్తీలు నడుపుతూ ఉంటుంది. ఆ ముఠాకి చిక్కిన ఒక పడుచువాడు ఒక్కో అంతస్తులో ఒక్కో వస్తాదుని పడగొట్టుకుంటూ కిందికి దిగాలి. అట్టడుగున కుమాజో ఉంటాడు. ఎలుగుబంటి అంత మనిషి. మెషీనుకి ఒక చిన్న మైకు ఉంది. దెబ్బలాట మొదలయ్యే ముందూ, మధ్యమధ్యలోనూ ఆ మైకులోకి ఎదుటివాణ్ణి బెదిరించాలి. గొంతు ఎంత మోటుగా ఉంటే వాడి ధైర్యం అంత జారుతుంది, బతిమాలితే అంతా తిరిగొస్తుంది. తొకుయో పిచ్చుక గొంతు విని మొదటి అంతస్తులోని బక్కవాడు కూడా పగలబడి నవ్వాడు. అది ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళూ ఎక్కడ దాచుకుందో కానీ, బొడ్డు దగ్గర్నుంచి ఒక కొత్త గొంతు పైకి లాగింది.

ఆమె ఆట సాగేది పొద్దున్నే, కొట్టు వెనకున్న చిన్న గదిలో, చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. ఆ వేళకి బున్‌జో పెరట్లో రేకుల షెడ్డులో రేడియో గట్టిగా పెట్టుకుని, ఊరగాయ పీపాల మీద బరువు రాళ్ళు సర్దుతూ ఉంటాడు. రోజంతా కలిపినా నాలుగు మాటలు మాట్లాడని మనిషి. భార్య గదిలో ఏదో బుల్లి టీవీ చూసుకుంటోందని అతని నమ్మకం.

గది గోడకి అవతల సొగాబె టీపొడి కొట్టు. సొగాబె బజారు సంఘానికి అధ్యక్షుడు. గోడ పల్చటి చెక్క. ఆ మంగళవారం సొగాబె ఎప్పుడూ లేనిది పొద్దున్నే వచ్చి, గోడ పక్కన టీపొడి తూస్తుండగా అవతలి నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఒరేయ్ కుమాజో! ఎన్నాళ్ళు తప్పించుకు తిరుగుతావురా? నీ నడుము విరిచి పీపాలో తొక్కి పైన రాయి పెడతా! ఈ వీధిలో నన్ను ఎదిరించినోడు ఒక్కడు బతికున్నాడేమో చూపించరా!"

తర్వాత పెరటి వైపు నుంచి ధబ్బుమని ఏదో బరువుగా పడిన చప్పుడు. కాసేపాగి మళ్ళీ ధబ్బు.

సొగాబె చేతిలో గరిట కింద పడింది. పక్కింట్లో ఉన్నది ఇద్దరే. ఒకరిది పిచ్చుక గొంతు. కాబట్టి ఇది రెండో మనిషిది. ముప్ఫై ఏళ్ళుగా ఆ మనిషి ఎందుకు మాట్లాడడో సొగాబెకి ఇప్పుడర్థమైంది. ఇలాంటి గొంతున్నవాడు రోజూ మాట్లాడితే దొరికిపోడూ!

సొగాబెకి భయం వేసింది. భయం కొంచెం తగ్గాక ఆశ పుట్టింది. ఎందుకంటే ఆ వీధి కష్టాల్లో ఉంది. ఒక స్థలాల కంపెనీ కొట్లన్నీ కారుచవగ్గా కొనేసి, పడగొట్టి, అక్కడ పెద్ద అపార్ట్‌మెంటు లేపాలని చూస్తోంది. అమ్మం అన్నవాళ్ళని దారికి తేవడానికి ఇవాకురా అనే మనిషిని పంపింది. ఇవాకురా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఇద్దరు అనుచరులతో వచ్చి, వీధి నడిమధ్య మడతకుర్చీలు వేసుకుని కూర్చుంటాడు. ఎవర్నీ ఏమీ అనడు. వచ్చేపోయేవాళ్ళని ఊరికే చూస్తాడు. ఆ చూపుకే గిరాకీ సగానికి పడిపోయింది. పోలీసులనడిగితే, కుర్చీలో కూర్చోవడం నేరం కాదన్నారు. ఇద్దరు ముగ్గురు కొట్టువాళ్ళు అప్పుడే అమ్ముకుని వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం సొగాబె తన కొట్లోకెల్లా మేలురకం టీపొడి డబ్బా పట్టుకుని బున్‌జో దగ్గరికి వెళ్ళాడు. పొద్దుటి దాకా "ఏవోయ్ బున్‌జో" అని పిలిచిన మనిషి నడుం సగానికి వంచాడు.

"బున్‌జోగారూ, ఇన్నాళ్ళూ తెలీక మీతో ఎలాపడితే అలా మాట్లాడాను. మనసులో పెట్టుకోకండి."

బున్‌జోకి వెంటనే ఆస్పత్రి గుర్తొచ్చింది. కిందటి వారం అతను ఊరి ఆస్పత్రిలో ఏటేటా చేసే పరీక్షలు చేయించుకున్నాడు. నిన్ననే నర్సు ఫోన్ చేసింది. "రిపోర్టులొచ్చాయండీ. డాక్టరుగారు మీతో స్వయంగా మాట్లాడతానన్నారు, శనివారం రండి" అంది. స్వయంగా ఎందుకు మాట్లాడతానన్నాడో తెలీక బున్‌జో రాత్రంతా కప్పు చూస్తూ పడుకున్నాడు. భార్యకి చెప్పలేదు.

"మీకెలా తెలిసింది?" అన్నాడు మెల్లిగా.

"గోడ పక్కనే కదండీ. చెవిన పడింది."

"మా ఆవిడక్కూడా తెలుసా?"

"భలేవారే, ఆవిడకి తెలీకుండా ఉంటుందా!"

బున్‌జో టీ డబ్బా అందుకున్నాడు. అయితే నర్సు తనకంటే ముందే తొకుయోకి చెప్పేసిందన్నమాట. "ఎవరికీ చెప్పకు సొగాబె" అన్నాడు.

"ప్రాణం పోయినా చెప్పనండీ."

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. బున్‌జో ఒకప్పుడు పెద్ద ముఠాకి నాయకుడట. పేరు మార్చుకుని ఊరగాయలు అమ్ముతున్నాడట. పెరట్లో పీపాలు ఎవరూ చూడకూడదట. మర్నాడు బున్‌జో వీధిలో నడుస్తుంటే టోఫు కొట్టు ముసలమ్మ కూడా లేచి నిలబడింది. తీపి వేరుశనగలు అమ్మే ఆమె వద్దన్నా వినకుండా పొట్లం చేతిలో పెట్టి, కళ్ళెత్తకుండా లోపలికి పారిపోయింది. ఇంత దయ చూపిస్తున్నారంటే తన రోగం చాలా పెద్దదేనని బున్‌జోకి రూఢి అయిపోయింది.

పోయేలోపు అందరితో మంచిగా ఉండి పోవాలనుకున్నాడు. ముందు చేపల ఉరాతా దగ్గరికి వెళ్ళాడు. ఎప్పటినుంచో ఉరాతా బున్‌జో వంటకత్తిని మెచ్చుకుంటూ ఉంటాడు. కత్తులకి పేరుపడ్డ సకాయ్ ఊరి కమ్మరి చేసిన పాత కత్తి అది. దాన్ని గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళి చేపల బల్ల మీద పెట్టాడు.

"దీన్ని నీ దగ్గర ఉంచు ఉరాతా. ఇంక నాకు దీంతో పని పడదు."

గుడ్డ విప్పిన ఉరాతా మొహం చేప పొట్టలా తెల్లబడింది. "క... కడిగారాండీ?"

"కడిగాను. అయినా నువ్వు కూడా ఒకసారి కడుక్కో. ఎవరైనా అడిగితే మొదట్నుంచీ నీదేనని చెప్పు. మా ఆవిడ చూస్తే బాధపడుతుంది."

"చెప్తానండీ, నాదేనండీ" అన్నాడు ఉరాతా ఏడుపు గొంతుతో.

"ఇంకో మాట. ఇన్నేళ్ళలో ఎవరెవరితో ఎక్కడ తేడా వచ్చిందో అన్నీ గుర్తు చేసుకుంటున్నాను. వెళ్ళిపోయేలోపు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి తేల్చుకుంటాను. నీతో మొదలుపెట్టాను."

బున్‌జో తన జీవితంలో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. ఉరాతా కత్తిని మంచుపెట్టెలో చేపల అడుగున దాచి, కొట్టు కట్టేసి, సొగాబె దగ్గరికి పరిగెత్తాడు. ఆ రోజు బజారులో చాలామంది పాత తగాదాలు నెమరేసుకున్నారు. పెళ్ళికి అప్పడిగి తీసుకెళ్ళిన గొడుగు ఒకామె పన్నెండేళ్ళ తర్వాత తెచ్చి ఊరగాయల కొట్టు గుమ్మంలో పెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళింది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర బున్‌జో భార్య కేసి అదోలా చూశాడు. తొకుయోకి ఆ చూపు అర్థం కాలేదు. పెళ్ళైన కొత్తలో తప్ప అతను అన్నం తింటూ ఆమె మొహం చూసిన గుర్తు లేదు.

"తొకుయో, నా దగ్గర దాచక్కర్లేదు. నాకు తెలిసిపోయింది" అన్నాడు.

తొకుయో చాప్‌స్టిక్స్ లోంచి ముల్లంగి ముక్క జారిపోయింది. ఈ వయసులో గేమ్ పిచ్చి పట్టిందని నవ్వుతాడేమోనని ఇన్ని రోజులూ దాచింది. "ఎవరు చెప్పారు?"

"సొగాబె."

"హవ్వ! ఆ గోడ అంత పల్చనా!" ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. "నువ్వు కోప్పడతావని చెప్పలేదయ్యా."

"కోపమెందుకు? ఇప్పుడు ఎంతదాకా వచ్చింది?"

"లాస్ట్ స్టేజి."

బున్‌జో గిన్నె కింద పెట్టేశాడు. "లాస్ట్ స్టేజా?"

"ఆఁ. ఇంకో రెండ్రోజుల్లో అయిపోతుంది."

"రెండ్రోజులేనా?"

"ఎక్కువలో ఎక్కువ శుక్రవారం. అంతకుమించి లాగదు. నేను గట్టిగా పూనుకుంటే రేపే అయిపోగొట్టొచ్చు."

బున్‌జోకి కళ్ళనీళ్ళు తిరిగాయి. బాధపడకుండా తొందరగా పంపించాలనుకుంటోంది కాబోలు పిచ్చిది! "అంత తొందరేం లేదు, శుక్రవారందాకా ఉండనీ" అన్నాడు.

"సరేలే, నెమ్మదిగానే కానిద్దాం" అంది తొకుయో, ఇంత మంచి మొగుణ్ణి ఇన్నాళ్ళూ అపార్థం చేసుకున్నందుకు నొచ్చుకుంటూ. ఇంకో ముక్క ముల్లంగి అతని గిన్నెలో వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం సొగాబె, ఉరాతా కలిసి బున్‌జో ముందుకొచ్చి నిలబడ్డారు. ఇవాకురా ఆ రోజు తన మడతకుర్చీ సరిగ్గా ఊరగాయల కొట్టు ఎదురుగానే వేశాడు.

"బున్‌జోగారూ, మీరు ఇలాంటివి వదిలేశారని తెలుసు. కానీ మీరొక్క మాటంటే చాలు, వాడు మళ్ళీ ఈ వీధి మొహం చూడడు" అన్నాడు సొగాబె చేతులు నలుపుకుంటూ.

ఇంకెవరైనా, ఇంకెప్పుడైనా అడిగి ఉంటే బున్‌జో పెరట్లోకి వెళ్ళి రేడియో గట్టిగా పెట్టుకునేవాడు. కానీ ఆ రోజు శుక్రవారం. అతను ఏప్రాన్ విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టాడు. ఆ మడతపెట్టడం చూసి ఉరాతా రెండడుగులు వెనక్కి వేశాడు. బున్‌జో వీధి దాటి, ఇవాకురా ఎదురుగా ఒక ఖాళీ పీపా బోర్లించి దానిమీద కూర్చున్నాడు.

"బాబూ, నాకు ఇంక భయపడ్డానికేం మిగల్లేదు. ఇవాళో రేపో నా పని అయిపోతుంది. పోయేముందు ఒక్క మంచి పని చేసి పోవాలని ఉంది. ఆ పని నువ్వే."

ఇవాకురా అనుచరులిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చావుకి సిద్ధపడి వచ్చినవాణ్ణి ఎలా బెదిరించాలో వాళ్ళకెవరూ నేర్పలేదు. ఇవాకురా గొంతు సవరించుకున్నాడు. "పెద్దాయనా, నేనెవర్నో..."

సరిగ్గా అప్పుడే కొట్టు వెనక నీలం తెర అవతల్నుంచి వీధి రేకులు అదిరేలా ఒక గొంతు లేచింది.

"ఒరేయ్! మాటలు చాలించి లేవరా! నీలాంటోళ్ళని పొద్దున పళ్ళు తోముకునేలోపు పదిమందిని ఊరేస్తా! ఇవాళ నీ నడుము విరక్కపోతే నా పేరు తొకుయో కాదు!"

అనుచరులిద్దరూ కుర్చీలు కూడా మడతపెట్టకుండా స్టేషను దిక్కుగా పోయారు. సొగాబె నోరు తెరుచుకుని బున్‌జో మొహం చూశాడు. బున్‌జో నోరు మూసే ఉంది. గొంతు అతనిది కాదు! ఇవాకురా మాత్రం కదల్లేదు. ఏదో వింటున్నట్టు తల పక్కకి వాల్చాడు.

"రా కుమాజో, రా!" అంది గొంతు.

ఇవాకురా నల్ల కళ్ళద్దాలు తీసేశాడు. తీస్తే అతనికి చాలా మామూలు కళ్ళున్నాయి, కొంచెం నిద్రలేనివి. "కుమాజోనా?" అంటూ లేచి, బున్‌జోని దాటి, కొట్లోకి దూరి, తెర ఎత్తేశాడు.

మొగుడికి తెలిసిపోయాక ఇంక దాచడమెందుకని మధ్యాహ్నం కూడా ఆట మొదలుపెట్టిన తొకుయో, చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతుల్లో మెషీను, చెవులకి ఇయర్‌ఫోన్లు. మెషీను తెర మీద ఎలుగుబంటి లాంటి కుమాజో ఒక మోకాలు నేలకానించి రొప్పుతున్నాడు. ఇవాకురా రెండు నెలల నుంచి పగలంతా కంపెనీ కుర్చీలో కూర్చుని, ఇంటికెళ్ళి తెల్లవార్లూ ఇదే ఆటలో ఇదే కుమాజో చేతిలో తన్నులు తింటున్నాడు. వాడి మోకాలు నేలకి తగలడం అతను ఎన్నడూ చూడలేదు.

"అమ్మగారూ! ఎడమ పక్క, ఎడమ పక్క! బాబ్బాబు, ప్లీజ్, వదలకండి!" అని తొకుయో చెవి పక్కన గావుకేక పెట్టాడు.

ఆ కేక మైకులోకి వెళ్ళింది. మైకుకి ఎవరి గొంతో తెలీదు. "బాబ్బాబు, ప్లీజ్" అన్నది మాత్రం బాగా విన్నది. కుమాజో పెదవి వంచి నవ్వాడు. ధైర్యమంతా తిరిగొచ్చి, లేచి, తొకుయో ఆడిస్తున్న కుర్రాణ్ణి రెండు చేతులతో ఎత్తి గోడకేసి కొట్టాడు. తెర నల్లబడింది.

తొకుయో ఇయర్‌ఫోన్లు మెల్లిగా తీసింది. ఎదురుగా ఎవరున్నారో ఆమె చూడలేదు. ఆమె లోపల పిచ్చుక అప్పటికి ఎక్కడికో ఎగిరిపోయింది.

"ఎవడ్రా నువ్వు! అడ్డమైనోడివి నా గదిలోకొచ్చి, చచ్చేవాణ్ణి లేపి నిలబెడతావా? వంగో! ముందు కింద కూచోరా వెధవా!"

ఆ గొంతుకి ఇవాకురా మోకాళ్ళు వాటంతటవే మడతపడ్డాయి. రెండు చేతులూ చాప మీద ఆనించి, నుదురు నేలకి తాకించాడు. "తప్పయిపోయింది! ఇంకెప్పుడూ చెయ్యను! క్షమించండి!"

ఎత్తిన నీలం తెర ఎత్తినట్టే ఉంది. సొగాబె, ఉరాతా, వాళ్ళ వెనక చేరిన సగం బజారూ ఆ దృశ్యాన్ని కళ్ళారా చూశారు. ఎవరికీ ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. అసలు నాయకుడు బున్‌జో కాదు! సొగాబె అక్కడే, వీధిలోనే, నడుం సగానికి వంచాడు. వెనకున్నవాళ్ళందరూ వంగారు.

బున్‌జో మాత్రం వంగలేదు. భార్య చేతిలోని మెషీను కేసి చూస్తున్నాడు. తెర మీద "చివరి స్టేజి మళ్ళీ ఆడతారా?" అని అక్షరాలు వెలుగుతున్నాయి.

"తొకుయో, నువ్వన్న లాస్ట్ స్టేజి ఇదా?"

"మరింకేదనుకున్నావు?"

బున్‌జో గుమ్మంలోనే చతికిలబడ్డాడు. కాసేపటికి అతని భుజాలు ఎగరడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీలేదు. తొకుయో లేచి వచ్చి పక్కన కూర్చుంది. విషయమంతా విన్నాక అతని వీపు మీద ఒక్కటి చరిచింది. "ఒక్కడివే మోసుకు తిరిగావా ఇదంతా? నాకు చెప్పొద్దుటయ్యా?" అంది. ఈసారి ఆ గొంతు పిచ్చుకదీ కాదు, ముఠా నాయకుడిదీ కాదు. పెళ్ళైన కొత్తలో విన్న గొంతది.

శనివారం ఇద్దరూ కలిసి ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరు కాయితాలు పక్కన పెట్టి, రక్తపోటు కొంచెం ఎక్కువుంది, ఉప్పు తగ్గించమన్నాడు. అంతేనా అని బున్‌జో మూడుసార్లు అడిగాడు. అంతే. స్వయంగా ఎందుకు రమ్మన్నారంటే డాక్టరు గొంతు తగ్గించి, వాళ్ళ అత్తగారికి ఈ కొట్టు ముల్లంగి ఊరగాయంటే ప్రాణమనీ, కొత్త సంవత్సరానికి ఒక చిన్న పీపా తీసి ఉంచగలరా అనీ అడిగాడు.

ఇవాకురా ఆ సోమవారం కంపెనీకి వెళ్ళి, ఆ వీధిలో ముట్టుకోకూడని మనిషి ఒకరున్నారని చెప్పాడు. అది అబద్ధం కాదు కాబట్టి అతని మొహంలో ఏ తేడా కనిపించలేదు. కంపెనీ ఇంకో మనిషిని పంపి వాకబు చేయించింది. ఆ మనిషికి ఉరాతా మంచుపెట్టె అడుగునుంచి కత్తి తీసి చూపించాడు. కంపెనీ తన అపార్ట్‌మెంటుని స్టేషను అవతల మూతబడ్డ బౌలింగ్ హాలు స్థలంలో కట్టుకుంది. ఆ తర్వాత వారానికోసారి ఇవాకురా నల్ల కళ్ళద్దాలు లేకుండా పెరటిదారిన వచ్చి, తొకుయో ముందు చాప మీద కూర్చుని, కుమాజో ఎడమ మోకాలి గురించి పాఠం చెప్పించుకునేవాడు. తొకుయో కుమాజో నడుము ఆదివారమే విరగ్గొట్టేసింది.

బజారువాళ్ళకి ఆమె నిజం చెప్పేసింది. ఒట్టు వేసి చెప్పింది, మెషీను చూపించి మరీ చెప్పింది. "అవునండీ, ఆటేనండీ. మేమెవరికీ చెప్పం" అని సొగాబె కన్ను గీటాడు. చివరికి ఆమె విసిగిపోయి ఊరుకుంది.

ఇంక తన్నులాటలు వద్దు, ఉన్న రక్తపోటు చాలని బున్‌జో గొణిగితే తొకుయో సరేనంది. ఒక ప్రశాంతమైన ఆట కొనుక్కుంది. అందులో చిన్న పల్లెటూరు, ఒక కాలవ, ఎకరం పొలం ఉంటాయి. టర్నిప్పులు నాటుకోవాలి, కోళ్ళకి గింజలు వెయ్యాలి, ఇరుగుపొరుగు రైతులతో కబుర్లు చెప్పుకోవాలి. ఇంట్లో కేకలు ఆగిపోయాయి. బున్‌జో రేడియో కూడా తగ్గించి పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఒక పొద్దున టీ తాగుతూ, "ఎలా ఉంది నీ పల్లెటూరు?" అని అడిగాడు.

"బావుంది. పక్క పొలాలన్నీ కొనేశాను."

"అందరూ అమ్మారా?"

"మొదట్లో ఒక ముసలాయన అమ్మనన్నాడు" అంది తొకుయో టర్నిప్పులకి నీళ్ళు పెడుతూ. "కాలవ అటు తిప్పేశాను. ఇప్పుడు ఆయన నా దగ్గరే కోళ్ళకి గింజలు వేస్తున్నాడు."